సాంద్రత యూనిట్లు మార్చడం: చీమకుర్తి రాయి లెక్కతో

మా చీమకుర్తి వైపు గ్రానైటు టెస్టింగ్ పనికి బీఎస్సీ ముగించిన పిల్లలు కొత్తగా వస్తే నేను ఫార్ములాలు అడగను. "గెలాక్సీ రాయి (ఇక్కడి నల్ల గ్రానైటు) సీబీఎం ఎన్ని టన్నులు తూగుద్ది?" అంటాను. క్వారీలో క్రేన్ నడిపేవాణ్ణి అడిగితే "మూడు టన్నులకు కాస్త తక్కువ" అని టక్కున చెప్తాడు. డిగ్రీ చదివినవాడు కాలిక్యులేటర్ తీస్తాడు.

సీబీఎం అంటే క్యూబిక్ మీటరే. మీటరులో 100 సెంటీమీటర్లు కాబట్టి క్యూబిక్ మీటరులో పది లక్షల సీసీలు, అంటే క్యూబిక్ సెంటీమీటర్లు. టన్నులో కూడా పది లక్షల గ్రాములే. పైనా కిందా అదే అంకె కొట్టేసుకుపోతుంది. కాబట్టి ఈ రాయి సీసీకి 2.93 గ్రాములన్నా, లీటరుకు 2.93 కిలోలన్నా, సీబీఎంకు 2.93 టన్నులన్నా ఒకటే. కిలోలు పర్ క్యూబిక్ మీటరు కావాలంటే వెయ్యితో గుణిస్తే 2930. ఇక్కడిదాకా ఎవరికీ టెన్షన్ ఉండదు.

అమెరికా కొనుగోలుదారు పౌండ్లు పర్ క్యూబిక్ ఫుట్‌లో అడిగినప్పుడు మొదలవుద్ది గొడవ. బరువును, ఘనపరిమాణాన్ని విడివిడిగా మార్చండి. రెండూ కలిపి ఒకేసారి చేయబోతేనే గుణించాలా భాగించాలా అన్న తికమక. ముందు బరువు: కిలో అంటే 2.2046 పౌండ్లు, కాబట్టి 2930 కిలోలు 6459.5 పౌండ్లు. తర్వాత ఘనపరిమాణం: మీటరు 3.2808 అడుగులు, దాన్ని మూడుసార్లు గుణిస్తే క్యూబిక్ మీటరులో 35.315 క్యూబిక్ అడుగులు. 6459.5ను 35.315తో భాగిస్తే 182.9. ఆ మూడుసార్లు గుణించడం మరిచి ఒక్క 3.28తోనే భాగించారనుకోండి, 1969 వస్తుంది. నీళ్లు క్యూబిక్ అడుగుకు సుమారు 62.4 పౌండ్లు. మన రాయి నీళ్లకు మూడింతలకు కాస్త తక్కువ, అంటే 180 దరిదాపుల్లో ఉండాలి. 1969 చూడగానే అనుమానం రావాలి. అందుకే లెక్కకు ముందే జవాబు ఎక్కడ పడాలో అంచనా కట్టమని పోరతాను. గ్రానైటుకు ఏఎస్‌టీఎం సీ615 అనే అమెరికా ప్రమాణం అడిగే కనీస సాంద్రత క్యూబిక్ అడుగుకు 160 పౌండ్లు, అంటే క్యూబిక్ మీటరుకు సుమారు 2560 కిలోలు. గెలాక్సీ దాన్ని సునాయాసంగా దాటుతుంది.

సగం రిపోర్టుల్లో అసలు మెలిక ఇంకోచోట ఉంటుంది. మేం కొలిచేది సాంద్రత కాదు, స్పెసిఫిక్ గ్రావిటీ. ఐదు సెంటీమీటర్ల ఘనం ఒకటి తీసుకుందాం. ఆరబెట్టి తూస్తే 368.40 గ్రాములు. రెండు రోజులు నానబెట్టి, తడిగుడ్డతో పైతడి తుడిచి తూస్తే 368.62. నీళ్లలో వేలాడదీసి తూస్తే 242.90. తర్వాతి రెండింటి తేడా 125.72, అది రాయి పక్కకు నెట్టిన నీటి బరువు. దాంతో 368.40ను భాగిస్తే 2.930. దీనికి యూనిట్ లేదు. నీళ్లతో పోల్చిన నిష్పత్తి, అంతే. దాని పక్కన గ్రాములు పర్ సీసీ అని రాసేస్తుంటారు, నాకు చిర్రెత్తుతుంది. సాంద్రత కావాలంటే ఆ వేళ ఆ నీళ్ల సాంద్రతతో గుణించాలి. నీళ్లు సీసీకి గ్రాముకు అతి దగ్గరగా ఉండేది 4 డిగ్రీల దగ్గర. 25 డిగ్రీల్లో 0.9970. మే నెలలో ఏసీ లేని గదిలో తొట్టి నీళ్లు 35 డిగ్రీలుంటే 0.9940. అప్పుడు మన రాయి 2.913. ఏడున్నర సీబీఎం బ్లాకు మీద ఈ తేడా 130 కిలోలు. లారీ లోడు అంచనాకైతే పట్టించుకోనక్కర్లేదు, బ్లాకుకు టేపు పెట్టి కొలిచేటప్పుడే అంతకన్నా ఎక్కువ పోతుంది. సర్టిఫికెట్ మీద మూడో దశాంశం రాసేవాళ్లు మాత్రం పట్టించుకోవాల్సిందే.

పాత పుస్తకాల్లో మిల్లీలీటరు, సీసీ వేరువేరుగా కనబడితే కంగారు పడకండి. 1901 నుంచి 1964 దాకా లీటరును కిలో నీటి ఘనపరిమాణంగా తీసుకున్నారు. తేడా పది లక్షల్లో 28 వంతులు. మన పనికి లెక్కలోకి రాదు.

గుణకంతో మారని స్కేళ్లూ ఉన్నాయి. నెల్లూరు జిల్లా ఇస్కపల్లి లాంటి చోట్ల ఉప్పుమళ్లు ఉన్నాయి కదా. ఉప్పునీటి చిక్కదనాన్ని బోమే డిగ్రీల్లో చూస్తారు. సముద్రపు నీరు మూడు, మూడున్నర డిగ్రీలుంటుంది. పాతిక దాటితే ఉప్పు కడుతుంది. నీటికన్నా బరువైన ద్రవాలకు 145లోంచి ఆ డిగ్రీలు తీసేసి, మిగిలినదానితో 145ను భాగిస్తే స్పెసిఫిక్ గ్రావిటీ. 25 డిగ్రీలకు 145ను 120తో భాగించాలి, 1.208. పన్నెండున్నరకు అందులో సగం పెరుగుదల అనుకుని 1.104 వేయకండి, లెక్క కడితే 1.094 వస్తుంది. నీటికన్నా తేలికైన ద్రవాల సూత్రం వేరు, దీన్ని నూనెలకు వాడొద్దు. ఇలా వచ్చింది కూడా నిష్పత్తే. కొలిచే గాజు మీటరు మీద 60 డిగ్రీల ఫారెన్‌హీట్ అని ముద్రించి ఉంటే, అంటే సుమారు 15.6 సెల్సియస్, దాని గుర్తులు ఆ వేడికే సరిపోతాయి; ఎండలో మరిగిన మడి నీటిలో అది చూపించే అంకె పక్కన నీటి వేడి ఎంతో కూడా రాసుకోండి.