బిల్లు చూపించినా వదలరు: వేరే దేశంలో జంతు వస్తువు కొనే ముందు

కస్టమ్స్ దగ్గర నా దువ్వెన పోయింది. పసుపు, గోధుమ మచ్చలతో మెరుస్తుంటే కొమ్ముతో చేసిందనుకుని కొన్నాను. అధికారి దాన్ని వెలుతురుకు పట్టి చూసి, సముద్రపు తాబేలు చిప్ప అన్నారు. "బిల్లు ఉందండీ" అన్నాను. నేను దొంగిలించానని అక్కడ ఎవరూ అనలేదు మరి! ఆయన అడిగింది దాన్ని దేశం దాటించడానికి ప్రభుత్వం ఇచ్చే పర్మిట్.

ఇప్పుడు తోలు, దంతం, ఈక, పగడం ఏది నచ్చినా ధర కన్నా ముందు ఆ జీవి శాస్త్రీయ నామం అడుగుతాను. ఉత్త "మొసలి తోలు" అంటే చాలదు, ఏ మొసలి, ఏ దేశానిది అన్నదాన్ని బట్టి రూల్ మారిపోతుంది. చెప్పలేకపోతే కొనను.

పేరు తెలిశాక, ఏ జీవికి ఏ రూల్ ఉందో చూపించే స్పీసీస్ ప్లస్ వెబ్‌సైట్‌లో వెతకండి, ఉచితమే. అడవి జంతువులు, మొక్కలను దేశాల మధ్య అమ్మడం, కొనడంపై నియమాలు పెట్టే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్. 1975 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఈ ఒప్పందం 40,000కు పైగా జాతులను మూడు అనుబంధ జాబితాలుగా విడదీసింది. మొదటి దాంట్లో కనిపిస్తే (పులి, అలుగు, సముద్రపు తాబేళ్లన్నీ అందులోనే) ఆ వస్తువు అక్కడే వదిలేయండి. "తాతల నాటిది" అని అమ్మేవాళ్లు నమ్మబలుకుతారు. అది ఒప్పందానికి ముందుదని ప్రభుత్వం ఇచ్చిన సర్టిఫికెట్ లేకపోతే ఆ మాటకు విలువ లేదు. రెండో దాంట్లో ఉంటే ఎగుమతి పర్మిట్ కావాలి. మూడోది ఏదో ఒక దేశం కోరి చేర్పించిన జాబితా, ఆ దేశం నుంచి తెస్తే పర్మిట్ తీసుకోవాలి.

పర్మిట్ చేతికొచ్చాక మడిచి పెట్టేయకండి, చదవండి. శాస్త్రీయ నామం, సంఖ్య సరిపోవాలి. 'డబ్ల్యు' అని ఉంటే అడవి నుంచి తెచ్చింది, 'సి' అంటే పెంపకంలో పుట్టింది. ఎగుమతి పర్మిట్ గడువు ఆరు నెలలకు మించదు. విమానం ఎక్కకముందే ఉండాలి, దిగాక తెప్పిస్తానంటే మామూలుగా ఒప్పుకోరు.

సొంతానికి తెచ్చుకునే వాటికి కొంత సడలింపు ఉంది: కేవియర్ (స్టర్జన్ చేప గుడ్లు) 125 గ్రాములు, సముద్రపు గుర్రాలు నాలుగు దాకా. కానీ దిగే దేశం ఇంతకన్నా గట్టి రూల్ పెట్టుకోవచ్చు. అందుకే అక్కడి సైటిస్ ఆఫీసుకు మెయిల్ పెట్టి, వచ్చిన జవాబు ప్రింట్ తీసి పాస్‌పోర్టుతో పాటు పెట్టుకుంటాను.