రోహిణి కార్తె దాటకముందే ల్యూర్లకు మెరుపు ఫిల్మ్: తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మృగశిర కార్తె వచ్చిందంటే మన నల్గొండ, పాలమూరు వైపు ఇంటింటా చేపల కూర ఉడకాల్సిందే. చెరువుల్లోకి కొత్త నీళ్లు దిగితే గాలం వేసేవాళ్ల చేతులు ఊరుకోవు. ఉదయసముద్రం, డిండి, కోయిల్‌సాగర్ లాంటి చోట కొర్రమట్టకో వాలుగకో సొంతంగా చెక్కిన ల్యూర్ (చేపను మభ్యపెట్టే చెక్క బొమ్మ ఎర) వేద్దామనుకునేవాళ్లు మెరుపు ఫిల్మ్ అంటించే పని రోహిణి కార్తెలోనే, అంటే జూన్ మొదటి వారం దాటకముందే ముగించుకోండి. చినుకులు మొదలయ్యాక చెక్క తేమ పీలుస్తుంది. ఆ తేమ మీద ఫిల్మ్ వేసి కోటింగ్ పోస్తే లోపలే ఇరుక్కుని, నాలుగు రోజులకు బుడగలై లేస్తుంది. అలాగని రోళ్లు పగిలే ఎండలో ఈ పని తేలికని కాదు, ఆ ఎండతోనూ కొన్ని చిక్కులున్నాయి.

ముందు ఫిల్మ్ సంగతి. మన దగ్గర మెరిసేదంతా రేడియమే. స్టిక్కర్ షాపుకు వెళ్లి అడిగితే, "బండి నంబర్ ప్లేట్‌కా అన్నా?" అని ఆ మందపాటి షీట్ తీసి ఇస్తారు. అది తీసుకోకండి. వెలుగు ఎటు నుంచి వస్తే అటే తిప్పి పంపడం దాని పని. హెడ్‌లైట్ వేసిన డ్రైవర్‌కు బాగా కనిపిస్తుంది, పక్క నుంచి చూసే చేపకు బూడిద రంగు ముక్కలా ఉంటుంది. పైగా గుండ్రటి చెక్క మీద వంగదు. మనకు కావాల్సింది కాస్త తిప్పితే ఇంద్రధనుస్సు రంగులు పారే పల్చటి హోలోగ్రామ్ స్టిక్కర్. వినాయక మండపాలకు వాడే జిగేల్‌మనే కాగితాల్లోనూ పనికొచ్చేవి దొరుకుతాయి. కానీ ఏది తెచ్చినా చిన్న ముక్క మీద మీరు వాడబోయే కోటింగ్ ఒక చుక్క వేసి తెల్లారేదాకా ఆగండి. థిన్నర్ కలిసిన వార్నిష్‌కు కొన్ని ఫిల్ములు ముడుచుకుపోతాయి, రంగు కారిపోతుంది. ఈ ఒక్క రాత్రి ఓపిక లేక వారం రోజుల పని పోగొట్టుకోవద్దు.

చెక్కను సాండ్ పేపర్‌తో రుద్దేటప్పుడు ముక్కుకు మాస్క్ ఉండాలి. బాగా ఆరిన చెక్కకు దాని సన్న రంధ్రాలు మూసే పల్చటి సీలర్ కోటు ఒకటి వేసి, అది పూర్తిగా ఎండాకే ఫిల్మ్ పట్టుకోండి. అంటించేముందు చేతి జిడ్డు పోయేలా శుభ్రంగా తుడవాలి. ముడత పోవాలని ఫిల్మ్‌ను లాగి లాగి అంటిస్తాం చూడండి, అక్కడే తప్పు చేస్తాం. లాగిన ఫిల్మ్ తర్వాత వెనక్కి తగ్గి, అతుకు దగ్గర నోరు తెరుస్తుంది. తల దగ్గర, తోక దగ్గర చిన్న గాట్లు పెట్టి, చెంచా వెనక వైపుతో మధ్య నుంచి అంచులకు మెల్లగా రుద్దండి. పొట్ట కింద, కొక్కేలు తగిలించే చోట రెండు మిల్లీమీటర్ల చెక్క బయటికే వదలండి. పైన కోటింగ్‌గా వేసే ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత) నున్నటి ఫిల్మ్‌ను అంత గట్టిగా పట్టదు, చెక్కనైతే పడుతుంది. ఆ సన్నటి గీతే అంచును లేవకుండా ఆపుతుంది. అంటించిన ల్యూర్‌ను మాత్రం ఎండలో పెట్టకండి, లోపలి గాలి ఉబ్బి ఫిల్మ్ పొంగుతుంది.

కోటింగ్ తెల్లవారుజామున వేయడం మేలు. మధ్యాహ్నం వేడికి రెసిన్ నీళ్లలా పల్చబడి వీపు మీది నుంచి జారి పొట్ట కింద గడ్డకడుతుంది. రెసిన్, హార్డెనర్ డబ్బా మీద ఎంతకెంత రాసి ఉంటే అంతే కలపండి. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే చివరికి జిగటే మిగులుతుంది. రెండు మూడు ల్యూర్లకు సరిపడా మాత్రమే టైల్ ముక్క మీద కలపండి. ఎక్కువ కలిపి గ్లాసులో ఉంచితే తనంతట తానే వేడెక్కి పొగలు కూడా రావచ్చు.

రెండేళ్ల కింద నేను ఆరు ల్యూర్లకు కోటింగ్ వేసి, ఎండకు తాళలేక కూలర్ నడుస్తున్న గదిలోనే దండేనికి వేలాడదీశాను. తెల్లారి చూస్తే మెరుపంతా మసక. వేలు పెడితే కొవ్వొత్తి రుద్దినట్టు జిడ్డు. కూలర్ గాలి చల్లగానే ఉంటుంది కానీ అది తడి గాలి, గట్టిపడుతున్న ఎపాక్సీకి ఆ తడి తగిలి పైన పొర కట్టింది. మీకూ అలా అయితే సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్లతో కడిగి, ఆరబెట్టి, సాండ్ పేపర్‌తో తేలిగ్గా రుద్దాక రెండో కోటు వేయండి. కడగకుండా వేస్తే పొర పొరగా ఊడొస్తుంది. కిటికీలు తెరిచిన, కూలర్ లేని గదిలో ఆరబెట్టండి.

చేతులకు నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి. ఎపాక్సీ పదే పదే చర్మానికి తగిలితే ఒకరోజు అలర్జీ మొదలవుతుంది, ఆ తర్వాత కొంచెం తగిలినా దద్దుర్లే. చేతికంటితే థిన్నర్‌తో తుడవకండి, సబ్బు నీళ్లతో కడగండి. ఫెవిక్విక్ లాంటి గమ్‌ను నూలు గుడ్డతో తుడిస్తే గుడ్డ చేయి కాలేంత వేడెక్కుతుంది. వేళ్లు అతుక్కుంటే లాగొద్దు, గోరువెచ్చటి సబ్బు నీళ్లలో నానబెట్టండి. కంట్లో ఏది పడినా వెంటనే పదిహేను నిమిషాలు నీళ్లతో కడుగుతూ ఉండి, ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఫిల్మ్‌ను అగరుబత్తితోనో వేడి కడ్డీతోనో కోయకండి, మిగిలిన ముక్కలు కాల్చకండి. చాలా స్టిక్కర్లు పీవీసీ ప్లాస్టిక్‌వి, ఆ పొగ గొంతును, ఊపిరితిత్తులను మండిస్తుంది. ముక్కలన్నీ ఒక సీసాలో వేయండి. గాలికి చెరువు గట్టుకు చేరితే గడ్డితోపాటు పశువుల కడుపులోకి పోతాయి.

కొక్కేలు అన్నిటికంటే చివర. మెరిసే బొమ్మను చూస్తే పిల్లలు చేయి పెట్టకుండా ఉండరు. కొక్కెం మొన పక్కనుండే ఎదురు ముల్లు దాకా చర్మంలో దిగితే వెనక్కి పీకకుండా ఆసుపత్రికి వెళ్లి తీయించుకుని, టీటీ ఇంజెక్షన్ సంగతి అడగండి.

కొక్కేలకు ముందు ఇంకో పరీక్ష ఉంది. బకెట్‌లో గోరువెచ్చటి నీళ్లు పోసి ల్యూర్‌ను చేత్తో అడుక్కి నొక్కి పట్టుకోండి. ఆ వేడికి చెక్కలోని గాలి ఉబ్బి, సందు ఎక్కడుంటే అక్కడి నుంచి సన్నటి బుడగలు వరుసగా వస్తాయి. అలా వస్తే ఆ చోటును పెన్నుతో గుర్తు పెట్టి, రెండు రోజులు నీడలో ఆరబెట్టి, అక్కడ మళ్లీ ఎపాక్సీ పూయండి.