మ్యూజిక్ సర్వర్ చప్పుడు లేకుండా చల్లగా ఉండాలంటే ఎలా?

రాత్రి పదకొండు దాటాక సీలింగ్ ఫ్యాన్ కూడా ఆపేసి ఆలాపన పెట్టుకున్నారనుకోండి. గాయకుడు షడ్జమం మీద నిలిచాడు. వెనకాల తంబూరా. దాంతోపాటు ఇంకేదో సన్నగా గుంయ్‌మంటోంది. అది మీ మ్యూజిక్ సర్వర్ (పాటల ఫైళ్లు దాచి వినిపించే కంప్యూటర్) ఫ్యాన్. ఏడు రెక్కల ఫ్యాన్ 1200 ఆర్‌పీఎంలో తిరిగితే సెకనుకు 20 చుట్లు, అంటే రెక్కలు గాలిని కొట్టేది 140 సార్లు. ఒకటిన్నర శ్రుతిలో పాడే మగగొంతు షడ్జమం దాదాపు 138.6 హెర్ట్జ్. తేడా ఒకటిన్నర హెర్ట్జ్ కూడా లేదు. శ్రుతికి అంత దగ్గరగా వచ్చి కలవని శబ్దాన్ని చెవి వదిలిపెట్టదు.

సర్వర్‌ని పక్క గదిలో పెట్టి ఇక్కడికి ల్యాన్ కేబుల్ లాగే వీలుంటే ఆ పని చేసేయండి, మీకు ఈ బాధలో ముప్పాతిక తప్పుతుంది. వీలు కానివాళ్లకే మిగతాది.

1. వేడి తక్కువ పుట్టే ప్రాసెసర్ తీసుకోండి

చాలామంది ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ దగ్గర మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టి డబ్బు దండగ చేసుకున్నాను. ఫ్లాక్ ఫైల్ (నాణ్యత తగ్గకుండా కుదించిన పాట) విప్పి డాక్‌కి (డిజిటల్ పాటను అనలాగ్ సంకేతంగా మార్చే పరికరానికి) పంపడం ఈ రోజుల్లో ప్రాసెసర్‌కి ఒక పనే కాదు. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ టీడీపీ (పనిలో పుట్టే వేడి అంచనా) 6 వాట్లు. అది ఫ్యాన్ లేకుండా హీట్‌సింక్‌తోనే (వేడిని గాలిలోకి వదిలే లోహపు రెక్కల దిమ్మ) బోర్డు మీద బిగించి దొరుకుతుంది. పాటలు మాత్రమే వినేవాళ్లకు అది చాలు. ప్రతి పాటనూ డీఎస్‌డీ అనే ఇంకో డిజిటల్ ఫార్మాట్‌లోకి అప్‌శాంప్లింగ్ చేయాలి, గదికి తగ్గట్టు శబ్దాన్ని సరిచేసే రూమ్ కరెక్షన్ కావాలి అంటేనే ఇంటెల్ ఐ3-12100 లాంటిది చూడండి. దాని బేస్ పవర్ 60 వాట్లు, కాసేపు వేగం పెంచుకునే టర్బోలో 89 దాకా పోతుంది. అసలు సమస్య ఆ 89తోనే.

2. బయోస్‌లో కళ్లెం వేయండి

బయోస్‌లో, అంటే బోర్డులోనే ఉండే మూల సెట్టింగ్స్‌లో, లాంగ్ డ్యూరేషన్, షార్ట్ డ్యూరేషన్ అని రెండు పవర్ లిమిట్లు ఉంటాయి. రెండింటినీ 35 వాట్లకు దించండి. మీ బోర్డులో అవి కనిపించకపోతే టర్బో బూస్ట్ ఆఫ్ చేయండి. టర్బో ఉంటే పాట మారినప్పుడల్లా, లైబ్రరీ స్కాన్ అయినప్పుడల్లా రెండు సెకన్లు వేడి ఎగబాకుతుంది, ఫ్యాన్ ఒక్కసారి రయ్యిమని లేచి మళ్లీ తగ్గుతుంది. ఒకే తీరుగా వచ్చే చప్పుడుకు చెవి అలవాటు పడుతుంది, లేచి పడే చప్పుడుకు పడదు.

3. మన ఎండాకాలాన్ని లెక్కలోకి తీసుకోండి

కూలర్ల రివ్యూలు చాలావరకు 20, 22 డిగ్రీల గదుల్లో చేసినవి. 22 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 60 డిగ్రీలు చూపించిందంటే గది కంటే 38 ఎక్కువ. మే నెలలో విజయవాడలో ఏసీ వేయని గది 38 ఉంటే అదే కూలర్‌తో అదే ప్రాసెసర్ 76కి వెళ్తుంది. ఐ3-12100 తట్టుకునే హద్దు 100 డిగ్రీలు కాబట్టి అప్పుడే భయం లేదు. కానీ రివ్యూలోనే 80 చూపించిన కూలర్ ఇక్కడ పనికిరాదు. ఏది కొన్నా రివ్యూ అంకెకు 16 కలిపి చూసుకోండి.

4. ఫ్యాన్ అసలు వద్దా, ఉన్నా నెమ్మదిగా తిరగాలా?

ఫ్యాన్ లేని పెద్ద హీట్‌సింక్‌లలో పేరున్నది నాక్టువా ఎన్‌హెచ్-పీ1, 2021లో వచ్చింది. ఎత్తు 158 మిల్లీమీటర్లు, బరువు కిలో దాటుతుంది. సన్నటి కేస్‌లో పట్టదు. వేడిగాలి తనంతట తాను పైకి పోతేనే ఇలాంటిది పనిచేస్తుంది. అందుకే రెక్కల మధ్య సందులు పైకి తెరుచుకుని ఉండాలి, కేస్ మీదా కిందా చిల్లులుండాలి. టీవీ కింద తలుపులున్న అల్మారాలో దూర్చితే మాత్రం ఎంత ఖరీదైనది కొన్నా వృథాయే.

నా ఓటు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కి, 500-600 ఆర్‌పీఎంలో. స్పీడు సగం చేస్తే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. పైగా ఇందాకటి 140 హెర్ట్జ్ కాస్తా 70కి దిగుతుంది. అంత కింది స్థాయిలో సన్నటి శబ్దాలు చెవికి అంతగా ఆనవు. గది పొడవునా దూరంగా కూర్చుంటే ఫ్యాన్ ఉందన్న సంగతే మర్చిపోతారు. ఫ్యాన్ కరెంటు వల్ల పాట నాణ్యత చెడుతుందని చెప్పేవాళ్లున్నారు. నాకు మాత్రం చెడేది ఫ్యాన్ చప్పుడు చెవిన పడటం వల్లే.

5. బిగించడం

హీట్‌సింక్ అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉంటుంది. పీకేయండి. నేను ఒకసారి మర్చిపోయాను. పాట పెట్టిన ఐదు నిమిషాలకే 95 డిగ్రీలు చూపించింది, బోర్డే పోయిందనుకుని టెన్షన్ పడ్డాను. విప్పి చూస్తే ప్రాసెసర్ నుంచి హీట్‌సింక్‌కి వేడిని దాటించే పేస్ట్ అంతా ఆ పొర మీదే నీటుగా పరుచుకుని ఉంది!

ప్రాసెసర్ నడిమధ్యలో పేస్ట్ బఠాణీగింజంత పెట్టండి, వేలితో పూయొద్దు. నాలుగు స్క్రూలనూ ఒక్కో చుట్టు చొప్పున, ఎదురెదురు మూలలు మార్చుకుంటూ బిగించాలి. ఒక మూల ముందే పూర్తిగా బిగిస్తే రెండో వైపు లేస్తుంది. ఫ్యాన్‌ని రబ్బరు పిన్నులతో తగిలిస్తే దాని అదురు కేస్ రేకుకు ఎక్కదు.

6. ఫ్యాన్ కర్వ్

ఎంత వేడికి ఫ్యాన్ ఎంత స్పీడులో తిరగాలో చెప్పే బయోస్ సెట్టింగ్ ఇది. నాలుగు పిన్నుల ఫ్యాన్‌కి పీడబ్ల్యూఎం (పల్స్‌లతో స్పీడు మార్చే) మోడ్, మూడు పిన్నులదానికి డీసీ (వోల్టేజీతో మార్చే) మోడ్. మూడు పిన్నులదాన్ని పీడబ్ల్యూఎంలో వదిలేస్తే ఎప్పుడూ ఫుల్ స్పీడే. 65 డిగ్రీల దాకా 500 ఆర్‌పీఎం దగ్గర కదలకుండా ఉంచండి. అక్కణ్నుంచి 85కి చేరేసరికి 900 అయ్యేలా మెల్లగా పెంచండి. వేడి పెరిగిన వెంటనే ఫ్యాన్ లేవకుండా ఆపే స్టెప్-అప్ డిలే ఉంటే బోర్డు ఇచ్చినంత ఎక్కువ పెట్టండి.

7. పరీక్ష

ఎండాకాలం మధ్యాహ్నం మూడింటికి, కేస్ మూత బిగించి చేయండి. లినక్స్‌లో ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టే స్ట్రెస్-ఎన్‌జీ ప్రోగ్రామ్‌ను అరగంట నడిపి, సెన్సర్స్ కమాండ్‌తో వేడి అంకెలు చూడండి. 85 దాటకపోతే ఈ ఏడాదికి నిశ్చింత. దాటితే పవర్ లిమిట్ ఇంకో 5 వాట్లు దించండి, ఫ్యాన్ జోలికి వెళ్లకండి.

రాత్రి అన్నీ ఆపి మళ్లీ వినండి. ఇంకా ఏదో గరగరమంటోందంటే ప్రాసెసర్ ఫ్యాన్ కాకపోవచ్చు. లోపల హార్డ్ డిస్క్ ఉంటే అదే దొంగ. పాటల్ని ఎస్‌ఎస్‌డీలోకి మార్చండి. తర్వాతి అనుమానం పవర్ సప్లైలోని చిన్న ఫ్యాన్ మీద. 35 వాట్ల ప్రాసెసర్‌కి బయట పెట్టే అడాప్టర్ హాయిగా సరిపోతుంది.

ఫిబ్రవరి చివర్లో, ఎండలు ముదరకముందే, మూత తీసి మెత్తటి పెయింట్ బ్రష్‌తో హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము దులపండి. బ్లోయర్ వాడితే ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకుని ఊదండి. లేకపోతే గాలికి అది మితిమీరిన వేగంతో గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది.