బిషప్ గారి లాంఛనం చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: కుచ్చులు, సిలువ, పాలియం

కతోలిక బిషప్‌ల లాంఛనాల్లో, అంటే వాళ్ల హోదా చిహ్నాల్లో, పోయిన పాఠంలో రంగులు చూశాం. ఈసారి మధ్యలో ఉండే డాలు జోలికి వెళ్లొద్దు. దాని మీద ఏ బొమ్మ ఉందో చూడాలని ఆత్రంగానే ఉంటుంది కానీ, ఆయన హోదా ఏమిటో చెప్పేది డాలు చుట్టూ ఉన్న సామగ్రి, అందుకే ముందు అది చదవాలి.

పైన వెడల్పు అంచు టోపీ ఉంటుంది, దాన్ని గలేరో అంటారు. టోపీ నుంచి రెండు పక్కలా తాళ్లు దిగుతాయి, వాటికి కుచ్చులు. ఇప్పుడు లెక్కపెట్టండి. ఆకుపచ్చ రంగులో పక్కకు 6 ఉంటే బిషప్, పక్కకు 10 ఉంటే ఆర్చిబిషప్. ఆ పదీ మనం బతుకమ్మ పేర్చినట్టు పైన 1, దాని కింద 2, తర్వాత 3, అట్టడుగున 4, ఇలా వరుసలుగా ఉంటాయి, కాబట్టి అడుగు వరుస ఒక్కటి చూసినా చాలు. 2013 నుంచి మన వరంగల్ బిషప్‌గా ఉన్న ఉడుముల బాల గారు 2024లో విశాఖపట్నం ఆర్చిబిషప్ అయ్యారు కదా, అంటే నియమం ప్రకారం 6 కుచ్చులు 10 కావాలి. హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల అంతోని గారు 2022లో కార్డినల్ అయ్యారు, అక్కడ రంగే మారి ఎరుపవుతుంది, పక్కకు 15.

ఒక పండుగ ఫ్లెక్సీలో స్థలం చాలదని అడుగు వరుస కుచ్చులు కోసేసి అచ్చు వేయడం చూశాను, చాలా బాధేసింది. మిగిలిన 6 కుచ్చులతో ఆర్చిబిషప్ గారు అందరికీ బిషప్‌గా కనబడ్డారు!

రెండోది, డాలు వెనకాల నిలబెట్టిన సిలువ. బిషప్‌కు ఒక అడ్డకొయ్య, ఆర్చిబిషప్‌కు రెండు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది పాలియం. భుజాల మీద వేసుకునే తెల్ల ఉన్ని పట్టీ, దాని మీద 6 నల్ల సిలువలు. లాంఛనంలో మామూలుగా డాలు కింద వేలాడుతూ కనిపిస్తుంది. మన కురుమోళ్లు నడవలేని గొర్రెపిల్లను భుజాన వేసుకుని పోవడం చూసే ఉంటారు, పాలియం అర్థం సరిగ్గా అదే: కాపరి భుజం మీది గొర్రెపిల్ల. నిజంగానే గొర్రె ఉన్నితో నేస్తారు, జూన్ 29న పేతురు పౌలుల పండుగ నాడు పోపు గారు ఆశీర్వదిస్తారు. అయితే ఇది ఆర్చిబిషప్‌లందరికీ ఉండదు, చుట్టుపక్కల మేత్రాసనాలకు (ఒక్కో బిషప్ చూసుకునే ప్రాంతాలకు) పెద్దగా ఉండే మెట్రోపాలిటన్‌కే. వరంగల్ మేత్రాసనం హైదరాబాద్ ప్రావిన్సులోది (అలాంటి మేత్రాసనాల గుంపులోది) కాబట్టి మనకు ఆ పెద్ద హైదరాబాద్ ఆర్చిబిషప్.

అభ్యాసం: ఒక లాంఛనంలో పక్కకు 10 ఆకుపచ్చ కుచ్చులు, రెండు అడ్డకొయ్యల సిలువ ఉన్నాయి, పాలియం లేదు. ఆయన ఎలాంటి ఆర్చిబిషప్ అయి ఉండొచ్చు? కాగితం మీద ఆ లాంఛనం గీసి, పక్కనే మీ జవాబు రాసి పెట్టుకోండి, 4వ పాఠంలో డాలు తెరిచే ముందు సరిచూద్దాం.