మోడల్ రైలు ఆగి ఆగి నడుస్తుంటే ముందు చక్రాలు చూడండి

ఇంజను నాలుగడుగులు వేసి ఆగిందా, లైటు మినుకుమినుకుమంటోందా, వేలితో తోస్తే గానీ కదలట్లేదా? మోటారు పోయిందని టెన్షన్ పడకండి. పట్టా నుంచి చక్రానికి, చక్రం వెనకవైపు ఆనుకునే సన్నటి రేకుకి, అక్కణ్ణుంచి తీగ ద్వారా మోటారుకి కరెంటు వెళ్తుంది. అసలే 12 వోల్టుల ఆట, ఈ దారిలో ఎక్కడ మురికి పేరుకున్నా బండి ఆగిపోతుంది.

మా ఇల్లు తార్నాకలో మెయిన్ రోడ్డు మీద. కిటికీ తీస్తే చాలు, దుమ్ము. గేర్ల నుంచి కారిన నూనె దానికి తోడై చక్రం అంచు చుట్టూ నల్లగా గట్టిపడుతుంది. గోటితో గీకితే పెచ్చులుగా లేస్తుంది.

కావలసింది ఐసోప్రొపైల్ ఆల్కహాల్. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ సామాన్ల షాపుల్లో ఐపీఏ అని అడగండి. ఇట్టే అంటుకుంటుంది కాబట్టి పొయ్యి దగ్గరా, అగరుబత్తి దగ్గరా పెట్టుకోవద్దు.

టిష్యూ కాగితాన్ని ఈ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి, పిండేసి, పట్టాల మీద అడ్డంగా పరవండి. ఇంజను ముందు చక్రాలు ఉత్త పట్టా మీద, వెనక చక్రాలు కాగితం మీద ఉండేలా చేత్తో పట్టుకుని కరెంటు తక్కువగా ఇవ్వండి. వెనక చక్రాలు అక్కడే గిర్రున తిరుగుతూ కాగితం మీద నల్లటి చారలు వదులుతాయి. కాగితం జరుపుతూ చారలు పడనంతవరకు చేసి, ఇంజనుని తిప్పి పెట్టండి. రబ్బరు పట్టీ ఉన్న చక్రాలు కరెంటు తీసుకోవు. వాటిని ఆల్కహాల్‌లో నానబెట్టకండి, పొడి గుడ్డ చాలు.

గరుకు కాగితం మాత్రం వద్దు. అది చేసే సన్నటి గీతల్లోనే మళ్ళీ మురికి ఇరుక్కుంటుంది. స్టీల్ ఉన్ని ఇంకా ప్రమాదం, రాలిన ముక్కల్ని మోటారులోని అయస్కాంతం లోపలికి లాగేస్తుంది.

అప్పటికీ కుంటితే అడుగు మూత విప్పి రేకులు చూడండి. చాలామంది వీటి జోలికే పోరు, నాకైతే సగం రోగం ఇక్కడే కనిపిస్తుంది. రేకుకీ చక్రానికీ మధ్య వెంట్రుకలు, తివాచీ పోగులు చుట్టుకుని ఉంటాయి. పట్కారుతో లాగి, ఆల్కహాల్ అద్దిన ఇయర్ బడ్‌తో రేకు కొస తుడవండి. దూది పోగు మిగలనివ్వకండి. రేకు చక్రానికి తాకకపోతే పుల్లతో మెల్లగా వంచండి. తేలిగ్గా ఆనుకుని ఉండాలి, గట్టిగా నొక్కితే అదే బ్రేకు అవుతుంది. మల్టీమీటరు ఉంటే బీప్ మోడ్‌లో పెట్టి ఒక ప్రోబ్ చక్రం మీద, ఇంకోటి ఆ వైపు తీగ మీద పెట్టండి, బీప్ రావాలి.

మూత బిగించేముందు గేర్లకి సూది మొనతో ఒక్క చుక్క నూనె. పట్టాలు కూడా అదే ఆల్కహాల్‌తో తుడిచేయండి. ఇత్తడి పట్టాలైతే నికెల్ సిల్వర్ (రాగి, నికెల్, జింకు కలిపిన లోహం) వాటికంటే త్వరగా కళ తప్పుతాయి, వానాకాలంలో తరచుగా తుడవాల్సిందే.