సైటు స్క్రిప్టులు, స్టైల్ ఫైళ్ల బరువు తగ్గించాలంటే: కలపడం అన్నిటికంటే చివర

హన్మకొండలో ఫైబర్ కనెక్షన్ మీద మీ సైటు టక్కున తెరుచుకుంటోందని నిశ్చింతగా ఉండకండి. కొత్తవాడ దర్రీలు అమ్మే సైటే అనుకోండి, దాన్ని చూసేవాళ్లలో ఏటూరునాగారం అవతల ఒక్క గీత సిగ్నల్‌తో పాత ఫోన్ పట్టుకున్నవాళ్లు కూడా ఉంటారు. వాళ్లకు చాలాసేపు తెల్ల తెరే కనిపిస్తుంటే ముందు అనుమానించాల్సింది ఫొటోలను కాదు, పేజీ పైభాగంలో వరసగా పెట్టిన స్క్రిప్టులను (జావాస్క్రిప్ట్), స్టైల్ ఫైళ్లను (సీఎస్ఎస్). స్టైల్ ఫైలు పూర్తిగా దిగేదాకా బ్రౌజర్ తెర మీద ఏమీ చూపించదు, హెడ్ అనే ఆ పైభాగంలో పెట్టిన మామూలు స్క్రిప్టు దిగి, నడిచి ముగిసేదాకా కింది పేజీ జోలికే పోదు.

ముందు కొలవండి. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌లో 'డిజేబుల్ క్యాష్' (ముందే దాచుకున్న ఫైళ్లను వాడొద్దని) టిక్ పెట్టి, స్పీడును 3జీకి దించి పేజీని మళ్లీ లోడ్ చేయండి. ఏ ఫైలు ఎంత బరువుంది, ఎంతసేపు తీసుకుంది అన్నీ అక్కడే ఉంటాయి. ఒక చోట రాసిపెట్టుకోండి, తర్వాత పోల్చుకోవడానికి కావాలి.

చాలామంది నేరుగా ఫైళ్లన్నీ కలిపేయడంతో మొదలుపెట్టి ఆగమాగం అవుతారు. మొదట చేయాల్సింది సర్వర్‌లో కంప్రెషన్ (ఫైళ్లను కుదించి పంపడం), ఎందుకంటే మీ కోడ్‌లో ఒక్క అక్షరం ముట్టుకోకుండానే పెద్ద లాభం అక్కడే వస్తుంది. జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ 3.7.1నే తీసుకోండి: మామూలు ఫైలు సుమారు 280 కేబీ, మినిఫై చేసింది (అక్కర్లేని ఖాళీలు, కామెంట్లు తీసేసింది) 87 కేబీ, దాన్నే జీజిప్ అనే కుదింపు పద్ధతితో పంపితే 30 కేబీ దరిదాపుల్లో ఉంటుంది. ఇక్కడ ఒక చిక్కుంది. ఎన్‌జిన్‌ఎక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో జీజిప్ ఆన్ అని ఒక్క లైను రాసి వదిలేస్తే అది హెచ్‌టీఎంఎల్‌ను మాత్రమే కుదిస్తుంది, 'జీజిప్ టైప్స్' లైనులో సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్, జేసన్, ఎస్‌వీజీలను విడిగా చేర్చాలి. చేరాయో లేదో తెలియాలంటే నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఆ ఫైలు మీద నొక్కి హెడర్లు చూడండి, 'కంటెంట్ ఎన్‌కోడింగ్' ఎదురుగా జీజిప్ అనో, బీఆర్ అనో ఉండాలి. బీఆర్ అంటే బ్రోట్లీ, మీ హోస్టింగ్‌లో ఉంటే అదే పెట్టుకోండి, సాధారణంగా ఇంకాస్త తగ్గిస్తుంది. జేపెగ్ ఫొటోలకు ఇవేవీ అక్కర్లేదు, అవి ముందే కుదించి ఉంటాయి.

తర్వాత మినిఫై. జావాస్క్రిప్ట్‌కు ఈఎస్‌బిల్డ్ గానీ టర్సర్ గానీ, స్టైల్‌కు సీఎస్ఎస్‌నానో అనే టూల్స్ వాడండి. అసలు ఫైళ్లను అలాగే ఉంచి, తయారైనవి వేరే ఫోల్డర్‌లో వేయండి. వర్డ్‌ప్రెస్ అయితే ఆటాప్టిమైజ్ ప్లగిన్‌లో ఈ పని, కలిపే పని వేర్వేరు టిక్కులుగా ఉంటాయి, రెండూ ఒకేసారి పెట్టకండి, ఏదైనా పాడైతే దేనివల్లో తేలక పరేషాన్ అవుతారు.

ఇక కలపడం. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పాత పద్ధతి హెచ్‌టీటీపీ 1.1లో బ్రౌజర్ ఒక సైటుకు ఒకేసారి 6 కనెక్షన్లే తెరిచేది కాబట్టి అప్పట్లో అన్నీ ఒకే ఫైలు చేయడం తప్పనిసరి. 2015లో వచ్చిన హెచ్‌టీటీపీ 2లో ఒకే కనెక్షన్ మీద చాలా ఫైళ్లు కలిసి వస్తాయి. నెట్‌వర్క్ ట్యాబ్‌లో ప్రోటోకాల్ కాలమ్ పెట్టుకుని చూడండి, హెచ్2 అనో హెచ్3 అనో ఉంటే నా లెక్కలో రెండు ఫైళ్లు చాలు: ఎప్పుడో గానీ మారని లైబ్రరీలు ఒకటి, మీ సొంత కోడ్ ఒకటి. అంతా ఒకే ముద్ద చేస్తే మీరు ఒక్క లైను మార్చినా కస్టమర్ ఫోన్ మొత్తం మళ్లీ దించుకోవాలి.

కలిపేటప్పుడు వరస తప్పకూడదు, జేక్వెరీ ముందు, దాని మీద నడిచే స్లైడర్ తర్వాత. చేత్తో అతికిస్తే ఇంకో ప్రమాదం కూడా ఉంది. మొదటి ఫైలు చివర సెమికోలన్ లేకుండా బ్రాకెట్‌తో ముగిసి, రెండోది బ్రాకెట్‌తోనే మొదలైతే బ్రౌజర్ ఆ రెంటినీ ఒకే వాక్యంగా చదివి 'ఈజ్ నాట్ ఎ ఫంక్షన్' అని ఆగిపోతుంది, విడివిడిగా ఉన్నప్పుడు మాత్రం రెండూ చక్కగా నడుస్తాయి. అందుకే ఫైలుకూ ఫైలుకూ మధ్య కొత్త లైను, ఒక సెమికోలన్ పెట్టండి. స్టైల్ ఫైళ్లలో వేరే ఫైళ్లను పిలిచే ఇంపోర్ట్ లైన్లన్నీ కలిపిన ఫైలు మొదట్లోనే ఉండాలి, మధ్యలోకి జారితే బ్రౌజర్ వాటిని పట్టించుకోదు. ఫైలు ఫోల్డర్ మారితే బ్యాక్‌గ్రౌండ్ బొమ్మల దారులూ తప్పుతాయి, అవి కూడా సరిచేయండి.

పేజీలో స్క్రిప్టులను పిలిచే ట్యాగుల్లో డిఫర్ అనే మాట పెట్టండి, పేజీ ఆగదు, వరసా చెడదు. ఎసింక్ పెడితే ఏది ముందు దిగితే అది నడుస్తుంది, ఒకదాని మీద ఒకటి ఆధారపడే ఫైళ్లకు అది పనికిరాదు.

ఫైలు పేరులో వెర్షన్ నంబర్ పెట్టి క్యాష్ గడువు 31536000 సెకన్లు, అంటే ఏడాది, ఇవ్వండి. కోడ్ మార్చిన ప్రతిసారీ పేరు మారాలి, పేజీ హెచ్‌టీఎంఎల్‌కు మాత్రం అంత గడువు ఇవ్వకండి. అన్నీ అయ్యాక ఎఫ్12లోనే తప్పులు చూపించే కన్సోల్ ట్యాబ్ తెరిచి ఉంచి మెనూ, కార్టు, పేమెంటు బటన్ ఒక్కొక్కటీ నొక్కి చూడండి, ఎర్రగా ఏదైనా కనిపిస్తే చివర పెట్టిన టిక్ తీసేసి అక్కణ్నుంచి వెతకండి.