స్టార్టప్‌కు మేలు చేసే వైవిధ్యమున్న బృందాన్ని ఎలా కూర్చుకోవాలి?

స్టార్టప్ మొదలుపెట్టేవారు ఒకే కళాశాలలో చదివినవారినో, పాత ఉద్యోగంలో కలిసి పనిచేసినవారినో తోడు తెచ్చుకోవడం సహజం. నమ్మకం ముందే ఉంటుంది కనుక పని త్వరగా సాగుతుంది. అయితే అందరి చదువూ అనుభవమూ ఒకటే అయినప్పుడు అందరి దృష్టికీ రాకుండా పోయే విషయాలు కూడా ఒకటే అవుతాయి. ఐఫోన్ నుంచి వీడియోలు ఎక్కించే యాప్‌ను యూట్యూబ్ తెచ్చిన కొత్తలో 5 నుంచి 10 శాతం వీడియోలు తలకిందులుగా వచ్చాయి. ఎడమచేతివాటం వారు ఫోన్‌ను మరో వైపుకు తిప్పి పట్టుకుంటారన్న సంగతి, దాదాపు అందరూ కుడిచేతివాటం వారే ఉన్న ఆ బృందానికి తట్టలేదని గూగుల్ స్వయంగా వివరించింది. పెద్ద సంస్థ అలాంటి పొరపాటును దిద్దుకోగలదు. చేతిలో కొన్ని నెలల డబ్బే ఉన్న సంస్థకు ఆ వ్యవధి దొరకకపోవచ్చు.

కాబట్టి మనుషులను వెతకడానికి ముందు లోటును గుర్తించాలి. రాబోయే ఏడాదిన్నరలో తీసుకోవలసిన పెద్ద నిర్ణయాలను, అంటే ఏది తయారు చేయాలి, ఎవరికి అమ్మాలి, ధర ఎంత పెట్టాలి, ఏ చట్టాలు వర్తిస్తాయి వంటివాటిని కాగితం మీద రాసి, ఆ పనిని గతంలో స్వయంగా చేసినవారి పేరు ఒక్కోదాని ఎదుట వేయండి. పేరు పడని చోటే మీ తదుపరి నియామకం. 1977లో ఆపిల్ కంపెనీగా నమోదయ్యేనాటికి దాని స్థాపకులు స్టీవ్ జాబ్స్, స్టీవ్ వోజ్నియాక్‌లకు తోడుగా, చిప్‌లు తయారుచేసే ఇంటెల్ కంపెనీలో మార్కెటింగ్ చేసిన మైక్ మార్కులా పెట్టుబడితోనూ వ్యాపార ప్రణాళికతోనూ చేరారు. ప్రయాణికులకు ఇళ్లు, గదులు అద్దెకు ఇప్పించే ఎయిర్‌బీఎన్‌బీని స్థాపించిన ముగ్గురిలో ఇద్దరు డిజైన్ చదివినవారు, ఒకరు ఇంజినీరు.

వినియోగదారుల విషయంలోనూ ఇలాగే, వారిలో ఏ వర్గం మీ దృష్టికి రాకుండా పోతోందో చూసుకోవాలి. ముఖచిత్రాన్ని బట్టి స్త్రీపురుషులను గుర్తించే వాణిజ్య సాఫ్ట్‌వేర్లను పరిశోధకులు జాయ్ బువోలంవీని, టిమ్నిట్ గెబ్రూ 2018లో పరీక్షించినప్పుడు, తెల్లని మేనిఛాయ ఉన్న పురుషుల విషయంలో తప్పులు 0.8 శాతం మించలేదు. నల్లని మేనిఛాయ ఉన్న స్త్రీల విషయంలో 34.7 శాతం దాకా వెళ్లాయి.

నియామకాల్లో పరిచయస్తుల సిఫార్సుల మీదే ఆధారపడితే వలయం విస్తరించదు. అభ్యర్థులందరినీ ఒకే ప్రశ్నలు అడిగి, ఇంటర్వ్యూ చేసినవారు పరస్పరం చర్చించుకోకముందే విడివిడిగా మార్కులు వేయాలి. ఇది మొదటి నలుగురైదుగురి దగ్గరే మొదలుకావాలి. ఒకే తీరు మనుషులు పదిమంది కుదురుకున్నాక వచ్చే పదకొండవ వ్యక్తికి ఒంటరితనం తప్పదు.

అసలు కష్టం ఆ తరువాతిదే. అందరికీ తెలిసిన విషయాల మీదే చర్చ ఎక్కువగా సాగుతుందని, ఒక్కరికే తెలిసిన సమాచారం తరచుగా బయటికే రాదని 1985లో మనస్తత్వ శాస్త్రవేత్తలు స్టాసర్, టైటస్ ప్రయోగపూర్వకంగా చూపారు. ఆ మాట బల్ల మీదికి రాకపోతే భిన్నమైన మనిషిని తెచ్చుకున్న ప్రయోజనం లేదు. అందుకే సమావేశానికి ముందే ప్రతి ఒక్కరూ తమ అభిప్రాయాన్ని విడిగా రాసి ఇవ్వాలి, వ్యవస్థాపకులు చివర మాట్లాడాలి, సంబంధిత అనుభవమున్న వ్యక్తిని పేరు పెట్టి అడగాలి. ఇలా చేస్తే చర్చ ఇబ్బందిగా అనిపించవచ్చు, కానీ దాన్ని చూసి వెనకడుగు వేయవద్దు. పరిశోధకురాలు కేథరిన్ ఫిలిప్స్ తన సహచరులతో 2009లో ప్రచురించిన అధ్యయనంలో, బయటి వర్గం నుంచి కొత్త వ్యక్తి వచ్చిన బృందాలు తమ జవాబు మీద నమ్మకం తక్కువగా ఉందని చెప్పినా, సరైన జవాబును ఎక్కువసార్లు చేరుకున్నాయి.

వయసు, వృత్తి, ప్రాంతం వంటి తేడాలన్నీ ఒకే గీత వెంట పడితే మాత్రం బృందం రెండు ముక్కలవుతుంది. ఇంజినీర్లందరూ ఒక వర్గం, అమ్మకాలవారందరూ మరో వర్గం కాకుండా ప్రతి విభాగంలోనూ కలగలుపు ఉండాలి.

కొన్ని విషయాల్లో తేడా అసలు పనికిరాదు. జీతం లేకుండా ఎంతకాలం పనిచేయగలరు, సంస్థను పెంచాలా అమ్మాలా, వాటాలు ఎలా పంచుకోవాలి అన్నవాటిపై ముందే ఏకాభిప్రాయానికి వచ్చి రాతపూర్వకంగా ఉంచుకోవాలి. వైవిధ్యమున్న పెద్ద కంపెనీలకు లాభాలు ఎక్కువన్న లెక్కలను చూసి, వైవిధ్యమే ఆ లాభాలకు కారణమని తేల్చుకోవద్దు. లాభాల్లో ఉన్న సంస్థలకు భిన్నమైనవారిని నియమించుకునే వెసులుబాటు కూడా ఎక్కువే.

మూడు నెలలకొకసారి గడిచిన పెద్ద నిర్ణయాలను తిరిగి చూసి, ఎవరి మాట వల్ల ఏది మారిందో రాసుకోండి. కొత్తగా చేరినవారి మాటతో ఒక్కటీ మారకపోతే, మరో నియామకానికి ముందు మీ సమావేశాల పద్ధతిని మార్చండి.